నియువే పక్కన బ్రాకెట్

బడి గోడకు వేలాడే పటం మీద దేశాల పేర్లు, ఊర్ల పేర్లు ఎవరు రాస్తారని మీరెప్పుడూ అడిగి ఉండరు. ఆ పనిలో చేరేదాకా నేనూ అడగలేదు. హోసూరు పక్కన మూకండపల్లిలో, ఫ్యాక్టరీల వెనక సందులో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. తెలుగు, తమిళ, కన్నడ బడులకు గోడపటాలు అచ్చు వేసేవాళ్లం. తొంభైల మొదట్లో అందులో చేరాను. ఇరవై ఏళ్లకు కొంచెం తక్కువ చేసి రిటైరయ్యాను. నా పని పేర్లు చూడడం. ఏ చుక్క పక్కన ఏ పేరు ఉండాలి, దాన్ని మన భాషలో ఎలా రాయాలి అని తేల్చి చెప్పడం.

ఇలాంటి పనిలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు ముగ్గురు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, మొదట ఏం నేర్చుకోవాలి సార్ అని అడిగారు. కంప్యూటర్ వాళ్లకు నాకంటే బాగా వచ్చు. జీతాల గురించీ ప్రమోషన్ల గురించీ నా దగ్గర చెప్పుకోదగ్గది ఏమీ లేదు. నాకు పని నేర్పిన ఒక మనిషి గురించి చెప్పగలను. ఆమె పేరు గౌరమ్మ. పోయి ఏడాది దాటింది. పటాల మీద పేర్లు రాసేది. ఆమె తనకోసం కోరుకున్నది నాకు తెలిసి ఒకటే. ప్రభుత్వం కాగితాల్లో తన ఊరి పేరు పక్కన ఒక బ్రాకెట్ ఉంది, అది పోవాలని. ఆ సంగతి మాకు ఎక్కడో పసిఫిక్ సముద్రంలో ఉన్న ఒక దీవి వల్ల తెలిసింది.

గాజు బల్ల

అప్పట్లో మా ప్రెస్సులో కంప్యూటర్ లేదు. కింద ట్యూబులైట్లు అమర్చిన పెద్ద గాజు బల్ల ఉండేది. తీరాలు, నదులు, సరిహద్దులు గీసిన షీటును దాని మీద పరిచి, పైన అద్దంలాంటి ఫిల్ము వేసి, ఆ ఫిల్ము మీద నల్ల సిరాతో పేర్లు రాసేవాళ్లు. తప్పు పడితే బ్లేడుతో గీకి మళ్లీ రాయాలి. ఒకే చోట రెండుసార్లకు మించి గీకితే ఫిల్ము పాడవుతుంది. ఒక్కో పటానికి మూడు భాషలకు మూడు ఫిల్ములు. మూడూ రాసేది గౌరమ్మ ఒక్కతే.

ఆమె చదివింది ఎనిమిదో తరగతి. రాయకోట అవతల గొర్రెలు కాసుకునే కుటుంబం. పెళ్లయి మూకండపల్లికి వచ్చింది. భర్త ఫ్యాక్టరీ కార్మికుడు, చిన్న వయసులోనే పోయాడు. మా ఓనరు నారాయణప్ప ఆమెను మొదట పటాల వెనక గుడ్డ అంటించే పనిలో పెట్టుకున్నాడు. ఒకరోజు భోజనాల వేళ పారేసిన ఫిల్ము ముక్క మీద ఆమె ‘బ్రహ్మపుత్ర’ అని రాసుకుంటుంటే వెనక నిలబడి చూశాడట. ఆ సాయంత్రమే జిగురు డబ్బా పక్కన పెట్టించి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మనుషుల్ని గుర్తుపట్టడంలో నారాయణప్పను మించినవాణ్ణి నేను చూడలేదు. గుర్తుపట్టిన తర్వాత వాళ్లతో మర్యాదగా మాట్లాడడం మాత్రం ఆయనకు రాలేదు.

నేను కృష్ణగిరిలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అది మూతపడితే ఇక్కడికి వచ్చాను. గౌరమ్మ నాకంటే కొన్నేళ్లు పెద్దది. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె సార్ అనేది.

ఆమెకొక పద్ధతి ఉండేది. కలం సిరాలో ముంచే ముందు ఆ పేరును రెండుసార్లు పైకి పిలిచేది. మొదటిసారి మామూలుగా, రెండోసారి చేను అవతల ఉన్నవాళ్లను కేకేసినట్టు. ‘మడగాస్కర్! మడగాస్కరో!’ చేరిన కొత్తలో నాకు నవ్వొచ్చింది.

“ఎందుకక్కా ఊరికే అరుస్తావు? ఆడ ఎవరుండారు పలికేదానికి?” అన్నాను.

“పిలిస్తే నోరు తిరగాల సార్. నాకు నోరు తిరగని పేరు బడిలో అయివారికి తిరుగుతాదా? గొర్రెపిల్లకు పేరు పెట్టినా అంతే. గుట్ట మీద నుంచి కేకేస్తే అది తలెత్తల్ల.”

ఆ కేకలతో ఆమె పట్టుకున్నన్ని తప్పులు నేను పుస్తకాలతో పట్టుకోలేదు. అక్షరాలు తారుమారైన పేరు కంటికి మామూలుగానే కనిపిస్తుంది. గట్టిగా పిలిస్తే ఎక్కడో తట్టుకుంటుంది.

మా పని ఎవరు పరీక్షిస్తారో కూడా అప్పుడే తెలిసింది. ఒక పటంలో రాయకోటను రైలుపట్టాలకు అవతలి పక్క పెట్టాం. పేరుకు చోటు చాలక జరిపాం, అంతే. పటం బడికి చేరిన పది రోజులకు ఒక పెద్దాయన దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. “మా ఇల్లు పట్టాలకు ఈ పక్క ఉండాది. మీరు ఆ పక్కకు మార్చినారు. ఇంక రోజూ నన్ను పట్టాలు దాటి పోయి పండుకోమంటారా?” అన్నాడు. నారాయణప్ప కాఫీ తెప్పించి ఇచ్చి, సారీ అనలేక, “మళ్లీ అచ్చులో మీ ఇల్లు మీకు ఇచ్చేస్తాములే పెద్దాయనా” అన్నాడు. ఏ పటానికైనా చివరి పరీక్ష ఆ చుక్క దగ్గర కాపురం ఉండేవాళ్లే చేస్తారు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు మొదట తెలుసుకోవలసింది అదే అనుకుంటాను.

నా తప్పు

చేరిన రెండో ఏడు పసిఫిక్ మహాసముద్రం పటం పని వచ్చింది. నా ముందున్న ఇంగ్లీషు అట్లాసు చాలా పాతది. నారాయణప్ప బెంగళూరులో పాత పుస్తకాల అంగట్లో కొన్నది. టోంగాకు తూర్పున ఒంటరిగా ఒక చుక్క ఉంది. పక్కన ‘సావేజ్ ఐలండ్’ అని రాసి ఉంది.

మన తెలుగు పటాల్లో ఒక అలవాటు ఉంది. ఇంగ్లీషు పేరుకు అర్థం కనిపిస్తే ఆ అర్థాన్ని తెలుగు చేసేస్తాం. రెడ్ సీని ఎర్ర సముద్రం అన్నాం, బ్లాక్ సీని నల్ల సముద్రం అన్నాం. నేనూ అదే చేశాను. పైగా ఇంగ్లీషు ఎం.ఏ. చదివానన్న గర్వం ఒకటి. సావేజ్ అంటే ఏమిటో తెలుసు కాబట్టి ఇంకేమీ ఆలోచించకుండా ‘అనాగరికుల దీవి’ అని రాసిచ్చాను.

గౌరమ్మ ఒకసారి మామూలుగా పిలిచింది. రెండోసారి కేకెయ్యడానికి నోరు తెరిచి ఆగిపోయింది.

“సార్, ఇది వాళ్లు పెట్టుకున్న పేరేనా?”

“ఎవరైనా వాళ్లకు వాళ్లు అట్ల పెట్టుకుంటారా అక్కా?”

“మరి ఎవరు పెట్టినారు?”

“ఏమో. అట్లాసులో ఉండాది.”

“అట్లాసు రాసినాయన ఆడికి పోయినాడా?”

“ఆయన పోలేదు. ఓడలో ఎవరో పోయుంటారు.”

“పోయినాయనకు వాళ్లు అన్నం పెట్టలేదేమో,” అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. “ఎవరినీ ఇట్ల పిలవలేను సార్. నువ్వు కనుక్కోనిరా. మిగతావి రాస్తాంటాను.”

సాయంత్రానికి మహాసముద్రం అంతా పేర్లతో నిండింది. ఆ ఒక్క చుక్క పక్కన ఖాళీగా ఉంది.

మరునాడు సెలవు పెట్టి బెంగళూరు పోయాను. ఒక పెద్ద గ్రంథాలయంలో కొత్త స్థలనామ కోశాలు మూడు తిరగేశాను. ఆ దీవి ప్రజలు తమ దీవిని నియువే అంటారు. వాళ్ల భాషలో నియు అంటే కొబ్బరి. ఏ అంటే చూడు, ఇదిగో అని. రెండూ కలిపితే ‘ఇదిగో కొబ్బరి’. ఎవరు ఎవరికి చూపించారో ఆ పుస్తకాల్లో లేదు. రెండువందల ఏళ్ల కిందట ఒక ఇంగ్లీషు నావికుడు ఓడలో వచ్చాడు. దిగాలని చూస్తే అక్కడివాళ్లు దిగనివ్వలేదు. అతను దానికి సావేజ్ ఐలండ్ అని పేరు పెట్టి వెళ్లిపోయాడు. ఇంగ్లీషు పటాలు చాలాకాలం ఆ పేరే వేశాయి. తర్వాత నియువే అని వేసి, పక్కన బ్రాకెట్లో సావేజ్ అని ఉంచాయి. కొత్తవాటిలో నియువే ఒక్కటే ఉంది. అక్కడి మనిషిని ఇంగ్లీషులో ఇప్పుడు నియువియన్ అంటారు.

ఒక చుక్క కోసం ఒక రోజు జీతం, బస్సు చార్జీ పోయాయి. నాకు చాలా సంతోషంగా ఉండింది. ఇంగ్లీషు చదివినందుకు మొదటిసారి ఒక పనికొచ్చే పని చేశాననిపించింది.

బల్ల దగ్గర ఈ సంగతి చెప్పినప్పుడు నారాయణప్ప కూడా ఉన్నాడు.

“ఇదిగో కొబ్బరి! భలే పేరప్పా. మన కృష్ణగిరోళ్లకు తెలిసుంటే ఇదిగో మామిడి అని పెట్టుకోనుంటారు,” అన్నాడు.

“మామిడి చూపిస్తే ఊరుకుంటారా అన్నా, తోటలోకి దూరుతారు,” అంది గౌరమ్మ. తర్వాత ఆ పేరును పిలిచింది. మొదట మెల్లగా, మళ్లీ గట్టిగా. “నియువే! నియువేయ్!” బాగుంది అన్నట్టు తలూపింది. “ఇది గుట్ట మీద నుంచి వినబడతాది సార్.”

బ్రాకెట్

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. పేరు దొరికాక కాగితం మీద ‘నియువే (అనాగరికుల దీవి)’ అని రాసిచ్చాను. నా దగ్గర కారణం ఉంది. పాత పుస్తకం చదివిన పంతులు సావేజ్ ఐలండ్ ఎక్కడా అని వెతికితే పటంలో దొరకాలి కదా. నారాయణప్పకు ఇంకో కారణం ఉంది. పరీక్షల గైడ్లలో పాత పేరే ఉంది. “బ్రాకెట్ లేకుంటే బడోళ్లు పటం వాపసు పంపిస్తారు,” అన్నాడు.

గౌరమ్మ నియువే అని రాసింది. కలం గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది.

“అది రాయనన్నా.”

“ఏం, చెయ్యి నొస్తాందా?”

“చెయ్యి బాగానే ఉండాది. బ్రాకెట్లో పెడితే తిట్టు తిట్టు కాకుండా పోతాదా?”

నేను కల్పించుకున్నాను. “అక్కా, మనం తిట్టడం లేదు. ఒకప్పుడు ఇట్ల అనేవాళ్లు అని చెప్తా ఉండాం, అంతే. చదువుకున్నోళ్ల పద్ధతి అది.”

“ఆ పద్ధతి నాకు తెలుసు సార్,” అంది.

అప్పుడు చెప్పింది. మేము ముగ్గురం రెండో ఏడుగా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటున్నాం, అంతవరకు ఆమె ఊరి పేరు నేను అడగలేదు. వాళ్ల ఊరు బీరప్పదొడ్డి. గొర్రెల దొడ్డి చుట్టూ పెరిగిన ఊరు. వాళ్ల తాత చిన్నతనంలో భూములు కొలిచే ఒక అధికారి గుర్రం మీద వచ్చాడట. మగవాళ్లు గుట్ట మీద గొర్రెల దగ్గర ఉన్నారు. ఆడవాళ్లు భయపడి తలుపులు వేసుకున్నారు. దాహానికి నీళ్లు ఇచ్చేవాళ్లు లేరు. అతను పుస్తకంలో ఊరి పేరు దొంగలదొడ్డి అని రాసుకుని పోయాడు. అప్పటినుంచి కాగితాల్లో అదే పేరు. ఆమె తండ్రి, ఇంకో నలుగురు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి అర్జీలు పెట్టారు. చివరికి ఉత్తర్వు వచ్చింది. కాగితాల్లో ‘బీరప్పదొడ్డి’ అని పడింది. పక్కన బ్రాకెట్లో పాత పేరు.

“మా మునిస్వామి ఉండాడే, నా తమ్ముడు, ఇంటర్వ్యూకు పోయినాడు సార్, ఒక ఫ్యాక్టరీకి. స్టోర్ చూసుకునే పని. ఆఫీసరు సర్టిఫికెట్ చూసినాడు. బయట ఉండే పేరు చదవలేదు, బ్రాకెట్లోది చదివినాడు. స్టోర్ తాళాలు దొంగలదొడ్డోనికి ఇయ్యాల్నా అని నవ్వినాడంట. రూములో ఉన్నోళ్లంతా నవ్వినారంట. వీడూ నవ్వినాడంట. నవ్వకుంటే ఎట్ల, పని కావాల కదా.”

“అందుకే పని ఇయ్యలేదా?” అన్నాడు నారాయణప్ప.

“ఏమో అన్నా. మార్కులు కూడా తక్కువే వానికి. ఊరికే ఎందుకు చెప్పల్ల. పని పోయినందుకు కాదు, వాడు నవ్వినందుకే మా నాయన మూడు దినాలు అన్నం తినలేదు.”

నారాయణప్ప ఆ సమయంలో అనకూడని మాటే అన్నాడు. “అదీ ఇదీ ఒకటేనా? ఎల్లుండి అచ్చుకు ప్లేటు చెయ్యల్ల. నువ్వు రాయకుంటే సారు రాస్తాడు.”

ఆమె సిరా బుడ్డికి మూత పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మరునాడు రాలేదు. భర్త లేని మనిషి, ఆ పని తప్ప ఇంకో ఆధారం లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

నేను రాశాను. బ్రాకెట్, అందులో ఆ రెండు మాటలు. ఈ పనిలో నా చేత్తో నేను రాసిన అక్షరాలు అవే. వంకరగా వచ్చాయి. ప్రెస్సులో ఎక్కువ చదువుకున్నవాణ్ణి నేనే. ఆమె చెప్పింది అర్థమైంది కూడా. అయినా ఓనరు చెప్పాడని రాశాను. ఆరోజు నేను ఆమె పక్కన నిలబడి ఉండాల్సింది.

సాయంత్రం నారాయణప్ప ఫిల్మును లైటు ముందు పెట్టి చాలాసేపు చూశాడు. “అక్షరాలు బాగలేదప్పా,” అన్నాడు. నేను, మళ్లీ రాస్తానన్నాను. “వద్దులే,” అని బ్లేడు తీసుకుని ఆయనే గీకేశాడు. బ్రాకెట్ రెండు వైపులా పోయేదాకా, ఆగి ఆగి, ఫిల్ము చెడకుండా గీకాడు. తర్వాత ఒక మనిషిని పంపి, పని ఉంది రమ్మన్నానని చెప్పమన్నాడు. క్షమించమని ఆయన ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. అది ఆయనలో లోపమే. కానీ ఆ పటం వాపసు వస్తుందన్న భయం ఆయనకు నిజంగా ఉండింది, అయినా గీకాడు.

గౌరమ్మ మరునాడు వచ్చింది. ఫిల్మును లైటు మీద పెట్టి గీకిన చోటు చూసింది. ఎవరు రాశారని గానీ ఎవరు గీకారని గానీ అడగలేదు. ఏ పటం మిగిలింది అని అడిగి, దాంట్లో మొదటి పేరు పిలిచింది. పసిఫిక్ పటం ఒక్క బడి నుంచి కూడా వాపసు రాలేదు.

కంప్యూటర్ వచ్చాక

కొన్నేళ్లకు గాజు బల్ల తీసేశారు. నారాయణప్ప పోయిన తర్వాత ఆయన కూతురు ప్రభావతి ప్రెస్సు చూసుకుంది. తండ్రి కంటే చురుకైన మనిషి, మాటలో మర్యాద ఉన్న మనిషి. చేతిరాతవాళ్లను ఇంటికి పంపడం అప్పుడు అన్నిచోట్లా జరుగుతున్నదే. ఈమె గౌరమ్మను పంపలేదు. ప్రూఫులు చదివే పని ఇచ్చింది.

గౌరమ్మ ప్రూఫులు కూడా పిలిచే చదివేది. ఒక్కో పేరు రెండుసార్లు. కంప్యూటర్ల ముందున్న పిల్లలు మూతి మూసుకుని నవ్వేవాళ్లు. “అవ్వా, మైకు తెమ్మంటావా?” అనేవాళ్లు. “తెండి, మీ చెవులు దులుపుతాను,” అనేది. రెండు నెలల్లో వాళ్లే ఏదైనా పేరు అనుమానంగా ఉంటే, “అవ్వా, దీన్ని ఒకసారి పిలువు” అని అడగడం మొదలుపెట్టారు.

కంప్యూటర్ మీద నాకు కోపం లేదు. పని వేగం పెరిగింది, వంకర అక్షరాలు పోయాయి. ఒక్క ఇబ్బంది ఉంది. చేత్తో రాసేటప్పుడు ప్రతి పేరు దగ్గరా ఒక మనిషి ఆగి తీరాలి. లిస్టు నుంచి పేర్లు నేరుగా పటంలోకి వస్తే ఎవరూ ఆగరు.

జిల్లా పటం

కృష్ణగిరి వేరే జిల్లా అయ్యాక బడులకు కొత్త జిల్లా పటాలు కావలసివచ్చాయి. ఆ పని మాకు వచ్చింది. పెద్ద పటం, బడి ఉన్న ప్రతి పల్లె పేరూ ఉండాలి. పేర్ల లిస్టు ఇంగ్లీషులో కృష్ణగిరి జిల్లా ఆఫీసు నుంచి వచ్చింది. దాన్ని తెలుగు చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఎక్కించేటప్పుడు నేను చూడాల్సింది చూడలేదు.

ప్రూఫు వచ్చింది. గౌరమ్మ కూర్చుని పిలుస్తోంది, పక్కన ఒక అమ్మాయి టిక్కు పెడుతోంది. నేను పక్క గదిలో ఉన్నాను. రాయకోట చుట్టుపక్కల పల్లెలు ఒక్కొక్కటీ వినిపిస్తున్నాయి. “బీరప్పదొడ్డి!” అని ఒక్కసారే వినబడింది. రెండోసారి లేదు. తర్వాతి పేరుకు వెళ్లిపోయింది.

లేచి వెళ్లి చూశాను. లిస్టులో ఉన్నట్టే పటంలోకీ వచ్చేసింది, బ్రాకెట్‌తో సహా.

“అక్కా, బ్రాకెట్ ఉండాదే.”

“ఉండాది.”

“చెప్పలేదే?”

“నేను చెప్పకూడదు సార్. అది మా ఊరు. నాకోసమని తీసినారంటే తప్పవుతాది.”

“నియువేకు అంత కొట్లాడితివి?”

“ఆ దీవోళ్లు మూకండపల్లికి వచ్చి అడగలేరు కదా. వాళ్లకు అడిగేవాళ్లు లేరని అడిగినాను. మేము అడగొచ్చు. అడిగినాము కూడా. ఇచ్చినంత ఇచ్చినారు.”

ప్రభావతికి చెప్పాను. ఆమె ఆలోచించింది. “సార్, లిస్టులో ఉన్నట్లు వెయ్యకుంటే మొత్తం అచ్చు వాపసు కొట్టినా కొడతారు. అంత నష్టం తట్టుకోలేము. ఆ ఊరు ఒక్కటే వదిలేస్తే? చుక్కా వద్దు, పేరూ వద్దు. ఎవరికీ నొప్పి ఉండదు,” అంది. చెడ్డగా అన్న మాట కాదు. గౌరమ్మను అడిగాను.

“పేరు లేకపోతే ఊరే లేనట్లు కదప్పా,” అంది. నన్ను సార్ అనకుండా అప్పా అన్నది ఆ ఒక్కసారే. “తిట్టినా పరవాలేదు, ఉండనీ.”

ఈసారి ఓనరు చెప్పేదాకా ఆగలేదు. ప్రూఫు చుట్టుకుని కృష్ణగిరి బస్సెక్కాను. ఆఫీసులో ఒక గుమాస్తా ఫైలు తీశాడు. తమిళాయన, మంచివాడే.

“రికార్డులో అట్లే ఉంది సార్. తీయమని ఆర్డరు లేదు,” అన్నాడు.

“ఉంచమని ఆర్డరు ఉందా?”

ఆయన వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. పేరు మార్చమన్న ఉత్తర్వు ఉంది. పాత పేరు బ్రాకెట్లో పెట్టమని అందులో ఎక్కడా లేదు. ఎప్పుడో ఎవరో కాపీ రాసేటప్పుడు, వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని పెట్టి ఉంటారు. నాలాంటివాడే. తర్వాత ప్రతి ఒక్కరూ దాన్ని చూసి రాశారు.

“అదీ లేదే!” అని గుమాస్తా నవ్వాడు. ఆఫీసరు దగ్గరికి తీసుకువెళ్లాడు. ఆఫీసరు పటం కిందామీదా చూసి, “నేను జిల్లా హద్దులు చూస్తాను. పేర్లన్నీ చదివే టైము నాకు లేదు. పేర్లకు మీరే బాధ్యులు, ప్రూఫు మీద మీరు సంతకం పెట్టండి,” అన్నాడు.

పెట్టాను. తిరిగివచ్చి బ్రాకెట్ తీయించాను.

ఆఫీసులో జరిగింది చెబితే గౌరమ్మ అడిగింది, “సంతకం పెట్టినావా సార్?” పెట్టానన్నాను. ఆమె కొత్త ప్రూఫు తెప్పించుకుని, మొదటి పేరు నుంచి మళ్లీ పిలవడం మొదలుపెట్టింది. ఒక్కచోటే కదా మార్చింది, అంతా ఎందుకు అన్నాను. వినలేదు. మధ్యాహ్నం దాటాక నన్ను పిలిచింది. బ్రాకెట్ తీసేటప్పుడు దాని కిందనే ఉన్న పక్క పల్లె పేరు కూడా చెరిగిపోయింది. చుక్క మాత్రం మిగిలింది.

“ఏం సార్, మా ఊరికి మంచి చేసేదానికి పక్కూరిని మాయం చేస్తివి? వాళ్లు కట్టెలెత్తుకుని వస్తే నేను అడ్డం రాను,” అంది.

నేనైతే ఆ ప్రూఫును చదవకుండా అచ్చుకు పంపేవాణ్ణి. సంతోషంలో ఉన్నాను కాబట్టి పంపేవాణ్ణి. ఆమెకు నాకంటే ఎక్కువ సంతోషం ఉండాలి, అయినా మొత్తం చదివింది. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగిన పాఠం ఇదే. మనసుకు నచ్చిన మార్పు చేసిన రోజున పటం మొత్తం మళ్లీ చదవండి.

బీరప్పదొడ్డి

పటం బడులకు పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ గమనించలేదనే అనుకుంటాను. నేను రిటైరైన ఏడాదే ఆమె కూడా పని మానుకుని తమ్ముడి దగ్గర ఉంటానని ఊరికి వెళ్లింది. అక్కడే పోయింది. జ్వరమని పడుకుని నాలుగు రోజుల్లో పోయిందని మునిస్వామి ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి మట్టి చేసేశారు.

పిలిచి రాసే మనిషి పోయిందని ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు. ప్రెస్సుకు వెళ్లి చెప్పాను. ప్రభావతి ఆరోజు పని ఆపింది.

కొన్ని వారాల తర్వాత మరణ ధ్రువపత్రం కోసం మునిస్వామి ఆఫీసుకు పోవాల్సి వచ్చి, ఇంగ్లీషు కాగితం కదా, తోడు రమ్మన్నాడు. ఇప్పుడు అతనికీ తల నెరిసింది. గొర్రెలు అమ్మేసి టమాటా వేస్తున్నాడు. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. కాగితం ఇచ్చారు. అందులో పేరు, తండ్రి పేరు, తేదీ ఉన్నాయి. చనిపోయిన స్థలం అన్న గడిలో ఇంగ్లీషులో బీరప్పదొడ్డి అని ఉంది. ఆ పక్కన ఖాళీగా ఉంది. మా పటం చూసి రాశారో, రాసినవాళ్లకు బ్రాకెట్ వేసే ఓపిక లేకపోయిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు.

మునిస్వామికి ఇంగ్లీషు అంతంతమాత్రం. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. చివరి అక్షరం దగ్గర వేలు ఆగింది. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక తెల్లగా ఉంది. మళ్లీ ముందుకు తిప్పాడు.

“ఇంతేనా సార్?” అని కిటికీలోకి వంగి అడిగాడు.

“ఇంకేం కావాల?” అన్నాడు లోపలివాడు.

“ఏం వద్దు సార్. చాలు.”